బాపమ్మతో అజంతాకు

మొన్న బట్టల దుకాణంలో పెట్టుబడి చీరలు చూస్తున్నాను. దుకాణదారు కొత్త కట్ట తాడు కోసి, పై చీరను నా ముందు పరిచాడు. "సూరత్ మాల్ అక్కా, పొద్దుగాల్నే దిగింది" అన్నాడు. చీర రంగు నేను చూడనేలేదు. మడత విప్పగానే లేచిన వాసన ముక్కుకు తగిలింది. గంజి, యంత్రాల నూనె, కొంచెం కాలిన దారం కలిసిన వాసన అది. చిన్నప్పుడు మా ఇల్లంతా అదే వాసన. మా బాపు అంగీ, మా కాక జుట్టు, మేము తినే అన్నం కూడా అదే వాసన వేసేవి. నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. దుకాణదారు కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చాడు. చీరలేవీ కొనకుండానే ఇంటికి వచ్చాను.

ఆ రోజంతా బాపమ్మే కళ్ళ ముందు తిరిగింది. బాపమ్మ అంటే నాయనమ్మ, మా బాపును కన్నతల్లి.

మేము సూరత్‌లో భేస్తాన్ దగ్గర ఉండేవాళ్ళం. ఒకే గోడకు వరసగా కట్టిన ఒంటిగది ఖోలీలు, ముందర రేకుల వసారా, వసారా అవతల మురుగు కాలువ, దాని అవతల సాంచల కార్ఖానాలు. మరమగ్గాలను మావాళ్ళు సాంచలనే అంటారు. పగలూ రాత్రీ అవి ఆగేవి కావు. మా మాటలు పక్కింటికి వినపడవు, పక్కింటి కొట్లాట మాకు వినపడదు. పిల్లలం అరుచుకుంటూ పెరిగాం. ఊరికి పోయినప్పుడు "గింత గట్టిగ మాట్లాడుతరేందే" అని మేనత్తలు చెవులు మూసుకునేవాళ్ళు.

మా ఆటలన్నీ కార్ఖానా చెత్తతోనే. దారం చుట్టే కండెలు విరిగినవి ఏరుకొచ్చి బండి చక్రాలు చేసేవాళ్ళం. దారపు చిక్కులు బొమ్మలకు జుట్టయ్యేవి. ఒకసారి నేను, పక్క ఖోలీ పిల్ల కలిసి గంజి డబ్బాలో చెయ్యి పెట్టి నాకి చూశాం. రెండు రోజులు కడుపునొప్పి. అమ్మ వీపు మీద రెండు అంటించింది. కాక మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇగ దీని కడుపుల చీర తయారైతది, రంగేదో చూద్దం ఆగుండ్రి" అన్నాడు.

కాక బాపు తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ ఒకే కార్ఖానాలో నేసేవాళ్ళు. కాక పని నుంచి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా తెల్లటి దూది పొట్టు ఉండేది. ఆదివారం పొద్దున కాగితంలో వేడివేడి లోచో కట్టించుకొచ్చేవాడు. శనగపిండితో ఉడికించి, మీద వెన్న, కారప్పొడి చల్లిన మెత్తటి ముద్ద. బాపమ్మ ఊరినుంచి వచ్చిన కొత్తలో దాన్ని వేలితో పొడిచి చూసి "ఇదేం ఉప్మారా, కిందపడి కూలిపోయినట్టున్నది" అంది. తర్వాత ఆదివారం వస్తే ఆమే ముందు వసారాలో కూర్చునేది.

బాపమ్మ వచ్చింది కొత్త కోడలిని చూడడానికి. కాకకు పెళ్ళయి ఏడాదైనా కాలేదు. చిన్నమ్మ సన్నగా, భయంభయంగా ఉండేది. మా ఖోలీని చీరతో రెండు చేసి అటువైపు వాళ్ళిద్దరిని ఉంచారు. నెలరోజులుండి పోదామని వచ్చిన బాపమ్మ సంచి సర్దుకుంటుండగా, రోగం పాకుతున్నదని దేశమంతా అన్నీ బందయ్యాయి. బండ్లు లేవు, బస్సులు లేవు, సాంచలు కూడా ఆగిపోయాయి.

సాంచలు ఆగిన మొదటి రోజు పిల్లలెవరికీ నిద్ర పట్టలేదు. పుట్టినప్పటినుంచి ఆ చప్పుడులోనే పడుకున్నవాళ్ళం. చెవుల్లో ఏదో పోగొట్టుకున్నట్టుగా ఉండేది. కొద్దిరోజులకు ఖోలీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కొందరు నడిచి పోయారు, కొందరు లారీల్లో పోయారు. బాపమ్మ మోకాళ్ళు వంగేవి కావు కనుక మేము ఉండిపోయాం. పంచిపెట్టే కిచిడీ కోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. పప్పు తక్కువ, పసుపు ఎక్కువ ఉండే ఆ కిచిడీ వాసన ఇప్పటికీ నాకు పడదు.

వానాకాలం మొదట్లో కాకకు జ్వరం వచ్చింది. మూడో నాటికి మంచం మీద లేచి కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం చూశాడు. అంబులెన్స్ వచ్చింది. తెల్లటి ప్లాస్టిక్ బట్టలు వేసుకున్న ఇద్దరు దిగారు. వాళ్ళ ముఖాలు కనపడలేదు. కాక తన కాళ్ళ మీద తానే నడిచి బండి ఎక్కాడు. ఎక్కేముందు వెనక్కి తిరిగి బాపమ్మతో "నాలుగొద్దులల్ల వస్తనే" అన్నాడు. బండి వెనక తలుపు మూశారు.

ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. బాపు రోజూ పోయి గేటు బయట నిలబడి వచ్చేవాడు. ఒకరోజు ఫోన్ వచ్చింది. బాపు ఒక్కడే పోయాడు. తాపీ నది ఒడ్డున శ్మశానం దగ్గర దూరంగా నిలబెట్టి, బండిలోంచి దించుతున్న మూటను చూపించారట. మీద పేరు రాసిన పట్టీ ఉందట. ముఖం చూపించమంటే చూపించలేదట. అప్పుడు అందరికీ అదే నియమం.

బాపు ఇంటికొచ్చి వసారాలోనే తల మీద నీళ్ళు పోసుకున్నాడు. తడి బట్టలతో గడప బయట నిలబడి "అవ్వా, తమ్ముడు పోయిండే" అన్నాడు.

బాపమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది. "ముఖం చూసినవా?"

"చూపియ్యలేదే. మూట కట్టిండ్రు."

"మరి వాడేనని ఎవలు చెప్పిండ్రు?"

"పేరు రాసి ఉన్నదే అవ్వా."

"పేరుదేముందిరా? అసొంటి పేరు సూరత్‌ల ఎంతమందికి లేదు? నువ్వు మూటను చూసినవు. నా కొడుకును చూడలే."

ఆమె ఏడవలేదు. ఎవరినీ ఏడవనివ్వలేదు. చిన్నమ్మ నోట్లోంచి కేక బయటికి రాబోతే, బాపమ్మ పోయి అరచేతితో ఆమె నోరు మూసింది. "బతికున్నోని మీద ఏడుస్తవా? నీకేమన్న బుద్ధి ఉన్నదా?" అంది. మర్నాడు పొద్దున తానే చిన్నమ్మ నొసట బొట్టు పెట్టింది. ఆ మర్నాడూ పెట్టింది. చేతుల గాజులు, కాళ్ళ మెట్టెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దినాలు చెయ్యలేదు. బాపు ఒక్క మాట అనబోతే ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ రోజునుంచి బాపుతో నేరుగా మాట్లాడడం మానేసింది. ఏం కావాలన్నా "మీ బాపుకు చెప్పు" అని నాతో అనేది. బాపు ఎదురుగానే ఉండేవాడు.

చిన్నమ్మ ఆ నెలలన్నీ ఎట్లా బతికిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. భర్త పోయాడని ఆమెకు తెలుసు. లోకానికి తెలుసు. ఇంట్లో మాత్రం అది చెప్పకూడని మాట. స్నానానికి పోయి నీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పి, చాలాసేపు బయటికి వచ్చేది కాదు. అమ్మ తలుపు కొడితే "వస్తున్నక్కా" అనేది. వాళ్ళ అన్న ఊరినుంచి ఫోన్ చేసి తీసుకుపోతానంటే బాపమ్మ ఒప్పుకోలేదు. "మొగడు వచ్చి నా పెండ్లామేది అంటే నేనేం చెప్పాలె?" అంది.

చలికాలానికి రోగం కొంచెం తగ్గింది. పోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. సాంచలు మళ్ళీ మొదలయ్యాయి, కానీ ఒక వరస నడిస్తే ఒక వరస ఆగి ఉండేది. మా వీధి చివర ఒకాయనకు బస్సుండేది. ఊరికీ సూరత్‌కూ తిప్పేవాడు. దాదాపు ఏడాది ఆ బస్సు గోడ పక్కనే నిలబడి టైర్లు పగిలిపోయాయి. గుహలు, గుళ్ళు తెరిచారని తెలిసి ఆయన ఇంటింటికీ వచ్చి చెప్పాడు. ఎల్లోరా, పక్కనే జ్యోతిర్లింగం, అక్కడినుంచి అజంతా, అన్నీ ఒక్కరోజులో చూపించి తీసుకొస్తాడట. అక్కడ గైడు కూడా ఉంటాడట.

"దేవుని కాడికి తీసుకపోదాం. మనసు ఏమన్న కుదుట పడుతదేమో" అంది అమ్మ. బాపుకు అప్పుడే సాంచలు దొరికాయి, రాలేనన్నాడు. అమ్మ, బాపమ్మ, చిన్నమ్మ, నేను ఒక రాత్రి బయల్దేరాం. అమ్మ పులిహోర కలిపింది. జొన్నరొట్టెలు చేసి ఎల్లిపాయ కారం పూసి గుడ్డలో చుట్టింది. చిన్నమ్మ రొట్టెలు కాల్చింది, ఒక్కటి కూడా తినలేదు.

బస్సులో అందరూ మావాళ్ళే. మాస్కులు పెట్టుకున్న ముఖాల్లో కళ్ళు చూసి గుర్తుపట్టాల్సిందే. ముందు సీట్లో ఒకాయన భార్యను పోగొట్టుకున్నవాడు. మా వెనక కూర్చున్నామె అన్ననూ వదిననూ ఒకే వారంలో పోగొట్టుకుంది. ఈ సంగతులు నాకు అమ్మ గుసగుసల్లో తెలిశాయి. బయటికి మాత్రం అందరూ సజ్జప్పాల గురించి, పిల్లల ఫోన్ చదువుల గురించి మాట్లాడుకున్నారు. ఎవరికి ఎవరు పోయారని ఎవరూ అడగలేదు. వెనక సీట్లలో మేము పిల్లలం మాస్కుల రబ్బర్లు లాగి ఒకరి చెవికి ఒకరం కొట్టుకున్నాం. తిట్లు తిన్నాం.

పొద్దెక్కేసరికి ఎల్లోరాలో దిగాం. గేటు దగ్గర ఒకతను జ్వరం చూసే పిస్తోలు బాపమ్మ నొసటికి పెట్టబోతే ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. "ఏం చేస్తడే వీడు?" అంది. "జ్వరం చూస్తడంతే" అని నేను ముందు నా నొసలు చూపించాను.

గైడు అక్కడే మాకోసం నిలబడి ఉన్నాడు. ముసలాయన. రంగు వెలిసిన టోపీ, చేతిలో సన్నటి బెత్తం. చాలా రోజుల తర్వాత పని దొరికినట్టుంది, అంగీ ఇస్త్రీ మడతలు కూడా పోలేదు. హిందీలో మాట్లాడేవాడు. బాపమ్మకు తెలుగు తప్ప ఇంకేదీ రాదు. నేను సూరత్‌లో పెరిగినదాన్ని, హిందీ బాగా వచ్చు. అందుకని బాపమ్మ నా భుజం పట్టుకుని నడుస్తుంటే, గైడు చెప్పిందల్లా నేను ఆమె చెవిలో తెలుగులో చెప్పాను.

మొదట బుద్ధుని గుహలు. ఒక గుహ పైకప్పు అంతా రాతితోనే వాసాలు చెక్కి ఉంది. గైడు అక్కడ నిలబడి చిన్నగా రాగం తీశాడు. ఆ రాగం ఆయన నోరు మూసిన తర్వాత కూడా పైన తిరుగుతూ ఉండిపోయింది. పిల్లలమంతా అరిచి చూశాం. తర్వాత కైలాస దేవాలయం. కొండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారని గైడు చెబితే బాపమ్మ తల పైకెత్తి చూసింది. "ఎవల ఇండ్లల్ల ఎవలు చచ్చినా పని ఆపకుంట చేసుంటరు" అంది. నేను అది గైడుకు హిందీలో చెప్పాను. ఆయన మాస్కు కిందికి జరుపుకుని ఆమె ముఖంవైపు ఒకసారి చూశాడు.

అక్కడినుంచి జ్యోతిర్లింగం గుడి. దర్శనం చేసుకున్నాక గైడు మమ్మల్ని కొంచెం దూరంలో ఉన్న తీర్థం దగ్గరికి తీసుకుపోయాడు. నాలుగు వైపులా లోతుగా దిగే రాతిమెట్లు, మెట్ల మధ్య చిన్నచిన్న గుళ్ళు, అడుగున పచ్చటి నీళ్ళు. గైడు పై మెట్టు మీద నిలబడి ఆ చోటి కథ చెప్పాడు. రోజూ చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో చెప్పాడు.

పూర్వం ఒక శివభక్తురాలు ఉండేదట. రోజూ మట్టితో లింగాలు చేసి, పూజించి, ఈ నీళ్ళలో కలిపేదట. ఆమెకు ఒక్కడే కొడుకు. సవతి ఓర్వలేక వాడిని చంపి ఈ నీళ్ళలోనే పడేసిందట. సంగతి తెలిసినా తల్లి ఏడవలేదట. పూజ ఆపలేదట. లింగాలు తీసుకుని ఎప్పటిలాగే నీళ్ళ దగ్గరికి వచ్చిందట.

నేను వాక్యం వెనక వాక్యం బాపమ్మ చెవిలో చెబుతూ పోయాను. కథ ఎటు పోతుందో అమ్మకు అర్థమైంది. వెనకనుంచి నా నడుం గిల్లింది. కానీ గైడు చెప్పేశాడు, నా నోరు కూడా చెప్పేసింది.

"ఆ కొడుకు నీళ్ళల్లకెల్లి నడుచుకుంట తల్లి కాడికి వచ్చిండంట, బాపమ్మా."

బాపమ్మ చెయ్యి నా భుజం మీదనుంచి జారింది. ఆమె మెట్లు దిగడం మొదలుపెట్టింది. మోకాళ్ళు వంగని మనిషి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగింది. నీళ్ళ దగ్గరి మెట్టు మీద కూర్చుంది.

మేము పక్కన కూర్చున్నాం. కొంతసేపటికి బస్సాయన పైనుంచి పిలిచాడు. బాపమ్మ కదల్లేదు. అమ్మ బతిమాలింది. "మీరు పోండ్రి. నేను ఏడవలే. ఆమె లెక్కనే నేను కూడ ఏడవలే. ఒక్క పొద్దు కూడ ఏడవలే" అంది నీళ్ళవైపు చూస్తూ. అప్పుడు చిన్నమ్మ ముఖం చూశాను. ఎండలో నిలబడి ఉంది. పొద్దున పెట్టిన బొట్టు చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది. ఆమె తుడుచుకోలేదు.

గైడు బెత్తం పక్కన పెట్టి, మెట్లు దిగి వచ్చి, బాపమ్మకు ఒక మెట్టు పైన కూర్చున్నాడు. ఏమైందని నన్ను అడిగాడు. నేను చెప్పాను. కాక నడిచి బండి ఎక్కడం, మూట, బాపు చూసింది, అంతా. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఈ పెద్దమ్మకు చెప్పు" అన్నాడు. "కథలో కొడుకు వచ్చాడు. ఎండాకాలంలో నా భార్య పోయింది. ఇదే రోగం. ఈ కథ నేను కొన్ని వేలసార్లు చెప్పి ఉంటాను. ఆమె రాలేదు."

నేను చెప్పాను. బాపమ్మ ఆయనవైపు తిరిగింది. "ఇంట్ల పోయిందా, దవఖాన్ల పోయిందా, అడుగు."

"ఇంట్లోనే. నా చేతుల్లో."

"ముఖం చూసినవా?"

"చూశాను."

బాపమ్మ తల ఊపింది. "అట్లయితే నీకు తెల్సు. నాకు తెల్వదు" అంది.

ఆ మాటను నేను హిందీలో చెప్పాను. గైడు ఒక మెట్టు దిగి ఆమె పక్కన కూర్చున్నాడు. పైన బస్సు హారన్ కొడుతూ ఉంది. చివరికి చిన్నమ్మే వచ్చి బాపమ్మ రెండు చంకల కింద చేతులు పెట్టి లేపింది. "లే అత్తా. ఎండ తగులుతది" అంది. అన్ని నెలల్లో చిన్నమ్మ తనంతట తాను ఆమెతో అన్న మొదటి మాట అదేనేమో. బాపమ్మ లేచింది.

అజంతాకు పోయే దారిలో పత్తి చేలు కనిపించాయి. మావాళ్ళు కిటికీల్లోంచి చూసి ఊరి పత్తితో పోల్చుకున్నారు. ఎవరో జామకాయలు కొని పంచారు. బాపమ్మ చేతిలో పెట్టిన జామకాయ అట్లాగే ఉండిపోయింది. గైడు మాతోనే బస్సులో వచ్చాడు. డ్రైవర్ పక్కన, టోపీ మోకాలి మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

అజంతాలో కొండ అర్ధచంద్రంలా వంగి ఉంటుంది. కింద సన్నగా పారే వాగు. గుహలన్నీ ఎత్తులో ఉన్నాయి. గైడు డోలీ మోసేవాళ్ళను పిలిచాడు. ఏడాదిగా మోయడానికి మనిషి లేక కూర్చున్నవాళ్ళు, మా బాపమ్మ కోసం పరుగెత్తుకొచ్చారు. ఆమె కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. చీకటి గుహల్లో గోడల మీద బొమ్మలు చూశాం. రాజులు, ఏనుగులు, నగలు పెట్టుకున్న ఆడవాళ్ళు. అందరం అలసిపోయాం. చాలామంది మధ్యలోనే ఆగిపోయారు. గైడు మాత్రం డోలీవాళ్ళను చివరిదాకా రమ్మన్నాడు.

చివర్లో ఉన్న ఒక పెద్ద గుహలోకి పోయాం. ఎడమ గోడ పొడుగునా బుద్ధుడు కుడిపక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. ఒక చెయ్యి చెంప కింద, కళ్ళు మూసి. అంత పెద్ద మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

"నిద్రపోతున్నడా?" అని అడిగింది బాపమ్మ.

గైడు తెలుగు రాకపోయినా ఆ ప్రశ్న అర్థం చేసుకున్నాడు. మెల్లగా అన్నాడు. "చెప్పు. చనిపోయాడు. ఇది ఆయన ఆఖరి పడక. కింద చూడమను."

పడక కింద వరసగా చిన్నచిన్న మనుషులు. ఒకడు మోకాలి మీద తల వాల్చాడు. ఒకడు చెంపకు చెయ్యి ఆనించుకున్నాడు. ఆయన శిష్యులట, ఏడుస్తున్నారట.

బాపమ్మ డోలీ దిగింది. పాదాల దగ్గరినుంచి మొదలుపెట్టి తల దాకా మెల్లగా నడిచింది. ముఖం దగ్గర ఆగింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. డోలీ మోసినవాళ్ళు కూడా ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఆమె తల ఒక పక్కకు వంచి, పడుకున్న పిల్లాడి ముఖం చూసినట్టు, దగ్గరగా, నింపాదిగా చూసింది. కొంగుతో తన ముఖం తుడుచుకుంది.

"ఎంత నిమ్మళంగున్నడు" అంది.

తర్వాత కింద ఉన్న మనుషులను చూసింది. "వీళ్ళు ఉన్నరు" అంది. "ఇతని కాడ మనుషులున్నరు."

ఆమె నేల మీద కూర్చుంది. రెండు చేతులూ నేలకు కొట్టింది. అప్పుడు వచ్చింది ఆ గొంతు. మా ఊళ్ళో చావింటి దగ్గర ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. అది నేను అంతకుముందు విన్నదే. బాపమ్మ గొంతులోంచి మాత్రం మొదటిసారి విన్నాను.

"కొడుకా... ఓ నా కొడుకా... నాలుగొద్దులల్ల వస్తనంటివి కొడుకా... నీ కాళ్ళ మీద నువ్వే నడిసి పోతివి కొడుకా... ఎవలెత్తిండ్రు నిన్ను, ఎవల భుజం మీద పోయినవు కొడుకా... నీకు తానం పోసినోళ్ళు లేరు... నీ నెత్తి దువ్వినోళ్ళు లేరు... నీ కండ్ల మీది దూది తుడిసినోళ్ళు లేరు కొడుకా..."

ఎల్లోరాలోలాగే ఇక్కడా ఉన్న రాతి వాసాల కింద ఆ ఏడ్పు తిరిగి తిరిగి మా మీదికే వచ్చింది. చిన్నమ్మ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. బాపమ్మ తల తిప్పి ఆమెను చూసింది. చెయ్యి చాచింది.

"రా బిడ్డా. ఇగ ఏడువు. నీ మొగడు సచ్చిపోయిండు బిడ్డా. ఏడువు."

చిన్నమ్మ నిలబడ్డచోటే కూలిపోయింది. పాక్కుంటూ వచ్చి బాపమ్మ ఒళ్ళో తల పెట్టింది. ఆమె నోట మాటలు రాలేదు, అరుపు ఒక్కటే వచ్చింది. అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గుమ్మం దగ్గర మావాళ్ళు కొందరు వచ్చి నిలబడ్డారు. భార్యను పోగొట్టుకున్నాయన గోడవైపు తిరిగి తల ఆనించాడు. వెనక సీటామె మా పక్కన వచ్చి కూర్చుని, అన్ననూ వదిననూ పేర్లు పెట్టి పిలిచి ఏడ్చింది.

ఈల ఊదుతూ కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. గైడు ఎదురుపోయి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కాపలా మనిషి ఈల జేబులో పెట్టుకుని, గుమ్మం బయట మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో బాపమ్మ గుడ్డ విప్పి జొన్నరొట్టె తుంచి ముందు చిన్నమ్మ నోట్లో పెట్టింది. తర్వాత తాను తింది.

తెల్లారి ఇల్లు చేరేసరికి బాపు వసారాలో పళ్ళు తోముకుంటున్నాడు. బాపమ్మ పోయి ఆయన ఎదురుగా నిలబడింది. "కొడుకా, తమ్మునికి దినాలు చేద్దం" అంది. బాపు నోట్లో వేపపుల్ల అట్లాగే ఉండిపోయింది. ఆయన అక్కడే కింద కూర్చుని, తల్లి కాళ్ళు పట్టుకుని, పిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడు పోయిన తర్వాత ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

తాపీ ఒడ్డున దినాలు చేశారు. బాపమ్మ చిన్నమ్మ గాజులు తియ్యనివ్వలేదు. "వాడు ఏసినయి కాదు అవి. దాని పుట్టింటోళ్ళు ఏసినయి. ఉండనీ" అంది. చిన్నమ్మ అన్నకు తానే ఫోన్ చేయించి వచ్చి తీసుకుపొమ్మంది. "చిన్నపిల్ల. దానికి ఇంకో ఇల్లు చూడుండ్రి" అని చెప్పింది.

ఆమె అన్న వచ్చేలోపలే రోగం మళ్ళీ వచ్చింది. ఈసారి మొదటిదానికంటే ఘోరంగా వచ్చింది. ఎల్లోరా, అజంతా మూసేశారని విన్నాం. ఆ గైడు సంగతి తర్వాత మాకెప్పుడూ తెలియలేదు. మా బస్సాయన పోయాడు. ఒక్కో ఖోలీ ముందు చెప్పులు తగ్గుతూ వచ్చాయి. బాపమ్మకు జ్వరం వచ్చింది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. ఉన్నా ఆమె పోయేది కాదు. "నన్ను మూట కట్టనియ్యకుండ్రి" అని ఒక్కటే మాట. అన్న ఫోన్ చేస్తే చిన్నమ్మ ఇప్పుడు రానని చెప్పింది. బాపమ్మ మంచం పక్కనుంచి ఆమె లేవలేదు. ఒళ్ళు తుడిచింది, గంజి తాగించింది, తల దువ్వింది. నన్నూ అమ్మనూ దగ్గరికి రానివ్వలేదు.

ఒకరోజు పొద్దున ఎండెక్కాక బాపమ్మ పోయింది. తల చిన్నమ్మ ఒళ్ళో ఉంది.

బాపు బండి కోసం ఫోన్ చేశాడు. శ్మశానం దగ్గర వరస చాలా పొడుగుందని, సాయంత్రం దాకా రాలేమని చెప్పారు. ఆ వరస అంత పొడుగుండబట్టి బాపమ్మ ఆ రోజంతా మా ఇంట్లోనే ఉంది. వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ముఖం మీద గుడ్డ వెయ్యలేదు. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. అయినా ఇద్దరు ముగ్గురు వచ్చారు. అజంతాలో మా పక్కన కూర్చుని ఏడ్చినామె ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుని వచ్చి, కాలువ అవతల నిలబడింది.

బాపమ్మకు ఆడపిల్లలు చాలామందే ఉన్నా అందరూ ఊళ్ళోనే చిక్కుకుపోయారు. రాగం తీసి ఏడ్చేవాళ్ళు లేరు. మా అమ్మకు రాదు. అప్పుడు చిన్నమ్మ మొదలుపెట్టింది. ఆమెకూ రాదు. గొంతు తడబడింది, రాగం తప్పింది. అయినా ఆపలేదు.

"అత్తా... ఓ నా అత్తా... నన్ను సూడ వస్తివి అత్తా... నా కోసం ఉండిపోతివి అత్తా... నా నోరు నువ్వే మూస్తివి... నా నోరు నువ్వే తెరిస్తివి... నా ఏడ్పు నాకిచ్చి పోయినవా అత్తా..."

సాయంత్రం బండి వచ్చింది. అందులోంచి దిగినవాళ్ళు మూట కట్టడానికి తెల్లటి గుడ్డ బయటికి తీశారు. చిన్నమ్మ వాళ్ళను ఒక్క నిమిషం ఆగమని హిందీలో చెప్పింది. అంతకుముందు ఆమె నోట హిందీ విన్నవాళ్ళం కాదు. వాళ్ళు ఆగారు. అమ్మను, నన్ను, బాపును పిలిచి, ఒక్కొక్కరినీ దగ్గరికి తీసుకుపోయి చూపించింది. "మంచిగ చూడుండ్రి" అంది.

చిన్నమ్మకు తర్వాత ఇంకో ఇల్లు దొరికింది. ఇద్దరు పిల్లలు. మేము ఊరికి వచ్చేశాం. మా ఖోలీల వరస కూలగొట్టి ఏదో గోదాము కట్టారట. బాపు ఆ తర్వాత సాంచల దగ్గరికి పోలేదు. కాక ముఖం నాకిప్పుడు సరిగా గుర్తు రాదు. ఎంత తలుచుకున్నా బండి ఎక్కుతున్న వీపే కనిపిస్తుంది. బాపమ్మ ముఖం మాత్రం గుర్తుంది. ఎండలో, వసారాలో, దువ్విన తలతో. ఆ రోజుల్లో సూరత్‌లో తమవాళ్ళ ముఖం చూడలేకపోయినవాళ్ళు ఎంతమందో. మేము మా బాపమ్మను చూశాం. బండి వచ్చేదాకా చూశాం.